రవీంద్రుని ఆంగ్లపాఠములు

మన దేశమున ఆంగ్లవిద్యా చరిత్రను గూర్చి ప్రసంగించువారు సాధారణముగా 1835 నాటి మెకాలే నివేదికతో ఆరంభింతురు. ఆంగ్లమును నేర్పవలెనా వలదా యను వాదము నేటికిని ముగియలేదు. కాని నేర్పునపుడు ఆ భాషలో ఏ లోకమును గూర్చి చెప్పవలెనను ప్రశ్న అంతకంటె చిన్నది కాదు. దానిని సూటిగా అడిగినవారిలో రవీంద్రనాథ ఠాకూరు ముఖ్యుడు.

1892లో ఆయన రాజషాహిలో చదివిన వ్యాసము ‘శిక్షార్ హేర్‌ఫేర్’ అను పేర ‘సాధన’ పత్రికలో వెలువడినది. వంగదేశపు బాలుడు చదువుచుండిన ఆంగ్లవాచకములను అందు ఆయన పరిశీలించెను. పచ్చిక కోసి యెండబెట్టుటను గూర్చి యొక పాఠము; చార్లీ, కేటీ యను పిల్లలు మంచుముద్దలతో ఆడుకొనుటను గూర్చి మఱియొక పాఠము. ఆంగ్లబాలునకు ఈ కథలు వినోదము గొలుపును. మంచు నెఱుగని పిల్లవానికి మాటలు మాత్రమే మిగులును. మాట వెనుక బొమ్మ లేదు. బొమ్మ లేనిచోట ఊహకు పనిలేదు, కంఠస్థము చేయుటయే పని.

ఉపాధ్యాయుని అవస్థయు అట్టిదే. గుఱ్ఱము ‘నోబుల్’ జంతువని వాచకము చెప్పును. దానిని గొప్పది యనవలెనా, మేలైనది యనవలెనా, ఉదాత్తమైనది యనవలెనా? అటు ఆంగ్లమును ఇటు మాతృభాషయు చెడునని రవీంద్రుని ఆక్షేపణ. తెలుగు బడులలో నీ చిక్కు నెఱుగనివారు కలరా?

ఆయన విమర్శతో నూరకుండలేదు. 1901లో శాంతినికేతనమున విద్యాలయమును స్థాపించి, అచటి పిల్లలకై ‘ఇంగ్రాజి సోపాన్’, ‘ఇంగ్రాజి శ్రుతిశిక్ష’, తరువాత ‘ఇంగ్రాజి సహజశిక్ష’ అను పాఠ్యగ్రంథములను స్వయముగా రచించెను. శ్రుతిశిక్ష యను పేరులోనే పద్ధతి కలదు: కంటికంటె ముందు చెవి. ఉపాధ్యాయుడు ఆంగ్లమున రమ్మనును, పొమ్మనును, కూర్చుండుమనును. పిల్లవాడు ఆ పని చేయుచు మాట నేర్చును. ఎదుటనున్న వస్తువులే పాఠములు. భాష పరాయిదే, అర్థము మాత్రము తనది.

ఇది పరభాషా ద్వేషము కాదు. ఆంగ్లకవుల కావ్యములను ఆయనయే విద్యార్థులకు బోధించెను. ఎఱిగినదానినుండి ఎఱుగనిదానికి పోవుట ఆయన పాటించిన క్రమము. 1919లో మన మదనపల్లెలో, ఐరిష్ కవి జేమ్స్ కజిన్సు ప్రధానాచార్యుడుగా నుండిన కళాశాలలో బసచేసినపుడు, ‘జనగణమన’ గీతమును ఆయన ఆంగ్లీకరించెను. తనదైన దానిని లోకమునకు చెప్పుటకు ఆ భాష ఎట్లు ఉపకరించునో అది చూపినది.

పాఠశాలలోని చదువును బయటి జీవితముతో ముడిపెట్టవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము చెప్పినది. అటు తరువాత తెలుగు పిల్లలకు వెలువడిన ఆంగ్లవాచకములకు ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’ అని పేరు పెట్టిరి. ఆంగ్లము ద్వారా మన లోకము! పేరు మంచిది. కాని చార్లీకి మాఱుగా రాముడని వ్రాసి, చివర నొక నీతివాక్యము చేర్చినంతమాత్రమున పని ముగియదు. కుప్పనూర్పిడి చూచిన రైతుబిడ్డయు, మగ్గము చప్పుడు వినుచు పెరిగిన నేతకాని బిడ్డయు తమ యింటి సంగతి తరగతిలో చెప్పగలుగవలెను. తన బ్రతుకు ఏ భాషలోనైనను చెప్పదగినదే యను నమ్మకము బాలునికి కలిగించుటకంటె గొప్ప నీతిపాఠము లేదు. ఆ నమ్మకము లేనినాడు, పాఠము అర్థముగాని పిల్లవాడు లోపము పుస్తకమున గలదనుకొనడు. తనయందే కలదని తలవంచుకొనును.