లాగరిథమ్‌ల కోసం వచ్చి ఊళ్ల చరిత్రలో పడ్డవాడు

కాలిన్ మెకంజీ మన దేశానికి ఓడెక్కడం వెనక లాగరిథమ్‌లు ఉన్నాయని తెలిసిన రోజు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు. రాయలసీమలోనో, గుంటూరు ప్రాంతంలోనో ఏ ఊరి పాత సంగతి కదిలించినా, ‘మెకంజీ కైఫియత్తులో ఉంది’ అనే మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. చెరువు తవ్వించిందెవరు, గుడికి మాన్యమిచ్చిందెవరు, ఊరు ఎప్పుడు పాడుపడి మళ్లీ ఎప్పుడు నిలబడింది అని ఇప్పుడు చెప్పుకోగలుగుతున్నామంటే చాలాచోట్ల ఆ కాగితాలే ఆధారం. వాటిని రాయించినవాడు ఇల్లు వదిలింది మాత్రం లెక్కల ధ్యాసతో.

లాగరిథమ్‌లు కనిపెట్టి 1614లో లోకానికి చెప్పిన జాన్ నేపియర్ స్కాట్లండువాడు. ఆయన వంశంలోనే పుట్టిన ఫ్రాన్సిస్ నేపియర్ ప్రభువుకు పూర్వీకుడి జీవితచరిత్ర రాయాలని కోరిక. ఆ పనిలో భాగంగా హిందువులకు గణితం ఎంత తెలుసు, లాగరిథమ్‌ల వంటివి వాళ్లకు ముందే ఉన్నాయా అన్న ఆరా మొదలైంది. దానికి సాయపడిన కుర్రాడు లూయిస్ దీవిలో స్టోర్నవే ఊళ్లో పుట్టిన మెకంజీ. ప్రభువు 1773లో పోయాడు. మెకంజీ పదేళ్ల తర్వాత, 1783లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆ ప్రభువు కూతురు హెస్టర్ జాన్‌స్టన్ మదురైలో కాపురముంది. తండ్రి మొదలుపెట్టిన ఆరా ఆమె వదల్లేదు. మెకంజీని మదురైకి పిలిపించి అక్కడి పండితులతో కూర్చోబెట్టింది. లెక్కల గురించి అడగబోయిన మనిషి ఆ పండితుల మాటల్లో ఒక దేశపు గతాన్ని విన్నాడు. దాన్ని పోగుచెయ్యాలన్న కోరిక అక్కడే పుట్టింది.

మదురై పేరు వచ్చాక అక్కడ కాసేపు ఆగకుండా నేను ముందుకు సాగలేను. పోయిన లోకాన్ని తెలుగులో తిరిగి నిలబెట్టిన పాత వచనాల్లో నాకు మిక్కిలి ఇష్టమైనది రాయవాచకం. 1565 తర్వాత విజయనగరం పాడుపడింది. అది జరిగిన కొన్ని దశాబ్దాలకు మదురై నాయకుల కొలువులో ఒకరు కృష్ణదేవరాయల నాటి సభలనూ, వేగులవాళ్ల కబుర్లనూ, దండయాత్రలనూ వాడుకకు దగ్గరగా ఉండే వచనంలో రాసిపెట్టారు. రాజధాని పోయిన దుఃఖం ఉన్నవాళ్లే అలాంటి పుస్తకం రాయగలరని నా నమ్మకం. మూడొందల ఏళ్లు దాటాక విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ రాయబోతే ఆయనకు కావలసి వచ్చింది కూడా నాయకుల మదురైయే. తెలుగువాళ్లు ఏలి వదిలేసిన ఆ నగరం మన పాతకాలపు పుస్తకాలకు ఇన్నిసార్లు పుట్టిల్లు కావడం నాకు ముచ్చటగా ఉంటుంది.

మెకంజీ కోరిక మాత్రం 13 ఏళ్లు అలాగే ఉండిపోయింది. ఆ కాలమంతా యుద్ధాలకూ కొలతలకూ సరిపోయింది. మన భాషలు ఆయనకు రావు. చివరిదాకా రాలేదు కూడా. 1796లో ఏలూరి కుర్రాడు కావలి వెంకట బొర్రయ్య ఆయన దగ్గర చేరాడు. బొర్రయ్యకు అప్పటికి ఇరవై ఏళ్లు. సంస్కృతం, తెలుగు, ఇంగ్లీషు వచ్చు. పాత కన్నడ లిపి చదవడం పట్టుబట్టి నేర్చాడు. ముద్గేరిలో ఒక జైన పురోహితుడు చెప్పిన సంగతులను అతను ఇంగ్లీషులోకి మార్చితే, ఆ వ్యాసం అతని పేరుతోనే 1807లో ఏషియాటిక్ రిసెర్చెస్ తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. అది చూడటానికి బొర్రయ్య లేడు. 1803లోనే, ముప్పై నిండకుండానే పోయాడు. భారతీయ విజ్ఞానం వాకిట్లోకి తనను తీసుకెళ్లినవాడు బొర్రయ్యేనని మెకంజీ తర్వాత రాసుకున్నాడు.

అన్న పని తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది. నాకు ఈ కథలో అందరికన్నా ఇష్టుడు లక్ష్మయ్యే. అతని కింద తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ తెలిసినవాళ్లు ఊరూరా తిరిగారు. గుళ్లో శాసనం ఎత్తి రాసుకోవడం, పాత నాణెం దొరికితే కొనడం, పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకోవడం, ఎక్కడెక్కడ తిరిగిందీ ఏమేం దొరికిందీ పైకి రాసి పంపడం వాళ్ల పని. అన్నిటికన్నా కష్టం కరణాన్ని ఒప్పించడం. ఊరి భూముల లెక్కలు, ఇనాముల వివరాలు, వంశాల వరసలు కరణం ఇంట్లో కవిలెకట్టల్లో ఉండేవి. కంపెనీ మనిషి వచ్చి అవి చూపించమంటే ఏ కరణానికైనా గుండె ఝల్లుమంటుంది. మాన్యాలు పోతాయేమో, శిస్తు పెరుగుతుందేమో! చాలామంది కట్టలు దాచారు. ఆ దాచినవాళ్లను బతిమాలి, నమ్మించి రాయించుకున్నవే కైఫియత్తులు.

వాటి నడక ఎవరికైనా నచ్చి తీరుతుంది. ఇక్కడ మొదట అడవి ఉండేదని ఎత్తుకుంటారు. ఎవరో వచ్చి అడవి కొట్టి, చెరువు వేసి, దేవుణ్ణి నిలిపి ఊరు కడతారు. తర్వాత రాయల ప్రభుత్వం, ఆ వెనక గోల్కొండ పాదుషాల అమలు, పాలెగాళ్ల కొట్లాటలు, కరువు, చివరికి కుంఫిణీ. ఒక్క పేజీలో దేవుడి మహిమ, పొలం సరిహద్దు, దొంగల దాడి కలిసే ఉంటాయి. రాజుల చరిత్ర రాసేవాళ్లు ఇందులో పుక్కిటి పురాణాలు ఎక్కువని ముఖం తిప్పుకున్నారు. నేను ఒప్పుకోను. మా ఊరు ఇలా పుట్టిందని ఆ ఊరివాళ్లు ఏం నమ్మారో తెలియడం కూడా చరిత్రే.

1816లో టామస్ హికీ మద్రాసులో వేసిన నూనెరంగుల చిత్రం ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటు వేసుకుని మెకంజీ నిలబడి ఉంటాడు. ఒకపక్క బంట్రోతు కిష్టాజీ చేతిలో దుర్భిణి, మరోపక్క జైన పండితుడు ధర్మయ్య చేతిలో తాటాకులు. ఇంకొకరిని లక్ష్మయ్యగా గుర్తుపడతారు. దూరాన కొండ మీద బాహుబలి. సేకరణ ఎలా జరిగిందో అంత చక్కగా చెప్పే బొమ్మ ఇంకోటి లేదు. చూసేవాడు ఒకడు, చదివేవాడు ఒకడు, మాటలు కలిపేవాడు ఒకడు. పేరు మాత్రం ఎర్రకోటుకు దక్కింది.

ఆ రోజుల్లోదే అమరావతి సంగతి కూడా. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టుకుంటుంటే ఇటుకల కోసం, రాళ్ల కోసం దీపాలదిన్నె అనే పాత బౌద్ధ స్తూపపు దిబ్బను తవ్వారు. తవ్వినకొద్దీ చెక్కిన పాలరాళ్లు బయటపడ్డాయని విని మెకంజీ 1797లో వెళ్లి చూశాడు. తీరిగ్గా చిత్రకారులను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది 1816లో. ఈలోగా దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వేశారు. ఎన్నో రాళ్లు మెట్లయ్యాయి, గోడలయ్యాయి, కాల్చితే సున్నమయ్యాయి. ఆ చిత్రకారులు గీసిన బొమ్మల్లోనే తప్ప ఇప్పుడు ఎక్కడా కనిపించని శిల్పాలున్నాయి. ఈ 19 ఏళ్ల ఆలస్యం తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మెకంజీ 1821లో కలకత్తా దగ్గర పోయాడు. అప్పటికి ఆయన ఇండియా మొత్తానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్. ఆయన పోగుచేసినవాటిలో 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. ఆ భాండాగారాన్ని కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. కొంత లండన్ పోయింది, కొంత కలకత్తాలో ఉండిపోయింది, కొంత మద్రాసు చేరింది. మిగిలిన పని నేను పూర్తి చేస్తానని లక్ష్మయ్య 1830లలో ముందుకొచ్చాడు. అన్నేళ్లు ఊళ్లు తిరిగి ఆ సేకరణను నిలబెట్టినవాడు అతను. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ అభ్యంతరం చెప్పాడు. ఇంత పెద్ద పనికి కావలసిన విచక్షణ లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయుడికీ ఉండదని ఆయన అభిప్రాయం. పనిని విలియం టేలర్ అనే మిషనరీకి అప్పగించారు. ఇది పెద్ద అన్యాయం. రెండు వందల ఏళ్లు కావస్తున్నా దీన్ని అన్యాయమనే చెప్పాలి.

మూడో సోదరుడు రామస్వామిది వేరే దారి. 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో అచ్చువేశాడు. అందులో తన అన్న బొర్రయ్యకూ చోటిచ్చాడు. 1836లో మన వంటల పుస్తకమొకదాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఒకే ఇంటివాళ్లు శాసనాల నుంచి వంటింటిదాకా దేన్నీ వదల్లేదు!

తర్వాతి కథ త్వరగా చెప్పేయవచ్చు. పురుగులు తింటున్న కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించాడు. ఇరవయ్యో శతాబ్దంలో మన చరిత్రను మనమే తెలుగులో రాసుకునే రోజులు వచ్చాయి. 1949లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తెచ్చారు. జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏం ఆడారు అని ఆయన కావ్యాలను జల్లెడ పట్టారు. ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఒక్క రూకకు నెయ్యి, పెసరపప్పు, గడ్డపెరుగుతో భోజనం దొరికేదని క్రీడాభిరామం చెబితే, అది ఆయనకు రాజుల పట్టాభిషేకమంత ముఖ్యం. 1955లో సాహిత్య అకాడమీ మొదటిసారి బహుమతులిచ్చినప్పుడు తెలుగులో ఆ గౌరవం దక్కింది ఈ పుస్తకానికే.

కరణాల ఇళ్లలోని అసలు కవిలెలు మాత్రం దాదాపుగా లేవు. చెద తిన్నవి, వరదలకు పోయినవి, ఇళ్లు పంచుకున్నప్పుడు ఎవరికీ పట్టక పారేసినవి. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. వంశపారంపర్య పెత్తనం పోవలసిందే, అందులో రెండో మాట లేదు. అప్పుడే ఇంటింటికీ వెళ్లి పాత కట్టలను ప్రభుత్వం తీసుకుని భద్రపరచి ఉండవలసింది.

కైఫియత్తులు అచ్చులోనూ వచ్చాయి. కడప జిల్లావి అక్కడి బ్రౌన్ పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది. గుంటూరు ప్రాంతానివి రాష్ట్ర ప్రాచ్యలిఖిత భాండాగారం వేసింది. మీ ఊరు ఉందేమో చూడండి. ఇప్పటి మండలం పేరుతో దొరక్కపోతే పాత తాలూకా పేరుతో వెతకండి. దొరికితే నకలు తీసి ఊళ్లో గ్రంథాలయానికో బడికో ఇవ్వండి. ఇంట్లో పాత తాటాకులో కట్టలో మిగిలి ఉంటే, దయచేసి పారేయకండి.