హైడ్రోజెల్ చరిత్ర: మూడు సమస్యలు, మూడు జవాబులు

అండమాన్ మ్యాపులో డిగ్లీపూర్‌ను గుర్తించండి. పెద్దాసుపత్రి ఉన్న శ్రీవిజయపురం, అంటే నిన్నటి పోర్ట్ బ్లెయిర్, ఇక్కడికి రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. రోగి నాడిని, శ్వాసను ఇంట్లోనే కొలిచి డాక్టరుకు పంపే పట్టీ ఇలాంటి చోట ఎంత అవసరమో ఆలోచించండి. చర్మంతో పాటు సాగుతూ విద్యుత్తును మోసే హైడ్రోజెల్ ఆ పట్టీకి సరిపోయే పదార్థం. దీని చరిత్రను ఏళ్ల జాబితాగా కాక, మూడు సమస్యలుగా చదివితే గుర్తుంటుంది.

మొదటిది, శరీరానికి పడటం. పాలిమర్ గొలుసుల వలలో పట్టి ఉంచిన నీరే హైడ్రోజెల్. శరీరానికి హాని చేయని జెల్‌ను 1960లో చెకోస్లోవేకియాకు చెందిన ఓటో విఖ్టెర్లే, ద్రహోస్లావ్ లీమ్ ‘నేచర్’ పత్రికలో వివరించారు. మరుసటి ఏడాది క్రిస్మస్ సమయంలో విఖ్టెర్లే తన కొడుకుల ఆటసామానుకు సైకిల్ డైనమో తగిలించి, ఆ యంత్రంతో మెత్తని కాంటాక్ట్ లెన్సులు చేశారు.

రెండోది, బలం. తాటిముంజెను లాగితే చిట్లిపోతుంది. తొలి జెల్‌ల బలహీనత కూడా అదే. 2003లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో జియాన్ పింగ్ గాంగ్ బృందం ఒక వలలో మరో వలను అల్లింది. గట్టి వల ముందు తెగి దెబ్బను తీసుకుంటుంది, మెత్తని వల మొత్తాన్ని పట్టి ఉంచుతుంది. కానీ తెగింది మళ్లీ అతకదు. 2012లో హార్వర్డ్‌లో ఝిగాంగ్ సువో బృందం పాలీఆక్రిలమైడ్‌కు ఆల్జినేట్ జోడించింది. ఇందులో కాల్షియం అయాన్ల కట్లు లాగితే విడిపోతాయి, వదిలాక చాలావరకు తిరిగి పడతాయి. సుమారు 90 శాతం నీరే అయినా ఈ జెల్ 20 రెట్లకు పైగా సాగింది. గమనించండి: బలం వచ్చింది తెగకుండా ఉండటం వల్ల కాదు, కొన్ని కట్లు తెగి మిగతావాటిని కాపాడటం వల్ల.

మూడోది, విద్యుత్తు. 2013లో హార్వర్డ్ పరిశోధకులే ఉప్పు కలిపిన జెల్‌ను వాహకంగా వాడి, పారదర్శకమైన స్పీకరును చూపించారు. ఇక్కడ విద్యుత్తును మోసేది అయాన్లు. జెల్ సాగితే పొడవు పెరుగుతుంది, మందం తగ్గుతుంది. రెండింతలు సాగితే నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. ఆ మార్పును కొలిస్తే కదలిక తెలుస్తుంది. సెన్సర్ సూత్రం ఇంతే.

నీరు ఆరిపోవడం ఇంకా పెద్ద సవాలే. గ్లిజరాల్, లిథియం క్లోరైడ్ వంటివి కలిపి ఆ నీటిని నిలుపుతున్నారు.

ఇక మనకు సంబంధించిన మాట. ఆల్జినేట్ గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. దాన్ని 1881లో బ్రిటిష్ రసాయనవేత్త స్టాన్‌ఫర్డ్ వెలికితీశారు. ఆ జాతికి చెందిన సర్గాసమ్ అండమాన్ తీరాల్లోనూ పెరుగుతుంది. 2020 నాటి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నాచు సాగుకు చోటుంది. కానీ నాచును ఎండబెట్టి అమ్మితే ముడిసరుకు ధరే దక్కుతుంది. దాన్ని వైద్య పరికరంగా మార్చే పరిజ్ఞానం మనదైతేనే లాభం, వైద్యం రెండూ తీరానికి చేరతాయి.

సాధన ప్రశ్న: ‘ద్వీప ప్రాంతాల్లో ఆరోగ్య సేవలకూ జీవనోపాధికీ పదార్థ విజ్ఞానం వారధి కాగలదు.’ చర్చించండి. 150 పదాల్లో రాసి చూడండి.