పాత డిటెక్టరా, కొత్త డిటెక్టరా? దిల్‌సుఖ్‌నగర్ దాకా పోయొద్దాం

మొన్న మనవాళ్ళలో ఒకాయన ఫోన్ చేసిండు. నాయిన కాలంలో బావి కాడి నుంచి పాతిన ఇనుప పైపులైను ఏ దిక్కున పోయిందో తెలుస్తలేదట. పాత మెటల్ డిటెక్టర్ ఒకటి అగ్గువకు వస్తుంది, తీసుకోవాల్నా, లేకుంటే నలుగురం కలిసి కొత్తదే కొందామా అని అడిగిండు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. ఈ మిషన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో నాకు బాగా అర్థమైంది పొలంలో కాదు, దిల్‌సుఖ్‌నగర్‌లో. అక్కడికి పోయే ముందు దాని పుట్టుక కొంచెం చెప్పుకోవాలి.

1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను వాషింగ్టన్ రైల్వే స్టేషన్‌లో తుపాకీతో కాల్చారు. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. అప్పటికి ఎక్స్‌రే లేదు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ఉన్నాడు కదా, ఆయన రాగితీగ చుట్టలతో ఒక పరికరం తయారుచేసి తెచ్చాడు. తీగచుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. దాని దగ్గరికి లోహం వస్తే ఆ లోహంలో కూడా చిన్న కరెంటు పుట్టి ఎదురు తిరుగుతుంది. ఆ తేడా చెవికి చప్పుడుగా వినపడుతుంది. ఇవాళ మన ఎల్బీనగర్ మెట్రో గుమ్మంలో కుయ్‌మనేది కూడా ఈ లెక్క ప్రకారమే.

బెల్ పరికరం పనిచేసేదే. కానీ డాక్టర్ బ్లిస్ అనే పెద్ద వైద్యుడు తూటా కుడిపక్కనే ఉందని మొండికేసి, ఆ పక్క మాత్రమే వెతకనిచ్చాడు. పైగా పరుపులో ఉక్కు స్ప్రింగులు, వాటితో ఒకటే రొద. సెప్టెంబర్ 19న అధ్యక్షుడు పోయాడు. తర్వాత శరీరం కోసి చూస్తే తూటా ఎడమపక్కన ఉంది. మిషన్‌ది తప్పు కాదు, దాన్ని తిప్పిన చోటు తప్పు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ అవసరం పడుతుంది.

పాత మిషన్ ఎన్నాళ్ళు నిలబడుతుందనేదానికి యుద్ధం కథ ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో కొసాట్స్కీ అనే పోలండ్ సైనికాధికారి చేత్తో పట్టుకుని నడిచే మందుపాతర డిటెక్టర్ తయారుచేశాడు. పేటెంట్ కూడా అడగకుండా బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఈజిప్టు ఎడారిలో, ఎల్ అలమీన్ యుద్ధంలో అది పనికొచ్చింది. దాని వంశంలోని మిషన్లే చిన్నచిన్న మార్పులతో 1995 దాకా బ్రిటిష్ సైన్యం వాడింది. యాభై ఏళ్ళు! మన ట్రాక్టర్లు ఎన్ని ఉన్నాయి అంతకాలం నడిచినవి? అయితే జర్మన్లు ఊరుకున్నారా, చెక్కపెట్టెలో, గాజు డబ్బాలో మందుపాతరలు పెట్టడం మొదలుపెట్టారు. ఇనుము లేకపోతే ఎంత మంచి డిటెక్టరైనా ఏం చేస్తుంది?

ఇక దిల్‌సుఖ్‌నగర్. నల్గొండ రోడ్డు, సాగర్ రోడ్డు వైపు రైతులకు ఆ చోటు కొత్త కాదు. బత్తాయి, మామిడి లోడేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారుజామున గడ్డిఅన్నారం మార్కెట్‌లో దించినవాళ్ళు ఇది చదివేవాళ్ళలోనే ఎందరో ఉంటారు. ఆ మార్కెట్ 2021లో మూసి బాటసింగారం వైపు తీసుకుపోయారు, అది వేరే బాధ, ఇంకోసారి రాస్తాను. మన పిల్లలు డిగ్రీ అయిపోయి కోచింగ్ కోసం హాస్టళ్ళలో దిగేదీ అక్కడే.

2002 నవంబర్ 21, గురువారం. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి బయట పెట్టిన స్కూటర్‌లో బాంబు పేలి ఇద్దరు చనిపోయారు. బాబా గుడికి గురువారం ఎంతమంది వస్తారో మీకు తెలుసు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్‌లో పేలుళ్ళు జరిగి 40 మందికి పైగా పోయారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్డు దాటే వంతెన కింద పేలని బాంబు ఒకటి దొరికింది. దాన్ని పట్టింది ఏ గుమ్మం డిటెక్టరూ కాదు.

ఇలాంటివి జరిగినకొద్దీ నగరంలో గుళ్ళకు, సినిమా హాళ్ళకు, షాపింగ్ మాల్స్‌కు డిటెక్టర్ గుమ్మాలు వచ్చాయి. కొత్తలో బెదురుగా ఉండేది. పోనుపోను అలవాటైంది. కుయ్‌మంటున్నా గార్డు చెయ్యూపి పొమ్మనేవాడు, మనమూ పోయేవాళ్ళం.

2013 ఫిబ్రవరి 21, మళ్ళీ గురువారమే. సాయంత్రం 7 గంటల వేళ. కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల దగ్గర, నిమిషాల తేడాతో రెండు బాంబులు పేలాయి. ఒకటి మిర్చిబజ్జీల సెంటర్ ముందు, ఇంకొకటి 107 బస్టాప్ దగ్గర. 18 మంది ప్రాణాలు పోయాయి, 131 మందికి గాయాలయ్యాయి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, టిఫిన్‌కు వచ్చిన పిల్లలు. ఆ రాత్రి ఊళ్ళల్లో ఎన్ని ఇండ్లలో ఫోన్లు పట్టుకుని కూర్చున్నారో! లైన్లు కలవలేదు. బిడ్డ గొంతు వినేదాకా తల్లులు అన్నం ముట్టలేదు.

ఆ బాంబులు పెట్టింది సైకిళ్ళ మీద. ఇది కొంచెం ఆలోచించండి. సైకిలంటేనే ఇనుము. ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన డిటెక్టర్ తెచ్చి పక్కన పెట్టినా సైకిల్‌ను చూసి మోగుతుంది, అంతే. ఆ రోడ్డు మీద రోజూ వందల సైకిళ్ళు, వేల మోటార్‌సైకిళ్ళు. ఇక లోపల వాడిన మందు అమ్మోనియం నైట్రేట్, మన ఎరువుల కుటుంబంలోదే. లోహం కాదు కాబట్టి డిటెక్టర్‌కు అది ఉన్నా లేనట్టే. దాన్ని వాసన పట్టాలంటే కుక్క కావాలి, లేదా వేరే రకం యంత్రం కావాలి. అమ్మోనియం నైట్రేట్ అమ్మకం, నిల్వ, రవాణా మీద కేంద్రం 2012లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. గుమ్మం దగ్గర మిషన్ మార్చడం కంటే మందు పుట్టే చోట కాపలా పెట్టడం నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది. ఈ కేసులో ఐదుగురికి 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

అంటే డాక్టర్ బ్లిస్ కుడిపక్క వెతికినట్టు మనం గుమ్మాల్లో వెతికాం, ప్రమాదం రోడ్డు మీద ఉంది.

మరి కొత్త మిషన్లు దండగేనా? కాదు. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి స్టేషన్లలో ఎక్కేవాళ్ళంతా గుమ్మం దాటాల్సిందే, సంచి స్కానర్‌లో పెట్టాల్సిందే. ఇక్కడ తేడా తెలుస్తుంది. మన పెద్దవాళ్ళు వెండి మొలతాడు కట్టుకుంటారు కదా. పాతకాలం గుమ్మం ఒక్కటే కూత కూస్తుంది, ఎక్కడుందో చెప్పదు. గార్డు పాపం తలకాయ నుంచి కాళ్ళ దాకా తడమాలి. పది మందిని తడిమాక విసుగొచ్చి వదిలేస్తాడు. కొత్తరకం గుమ్మంలో మనిషి ఎత్తును భాగాలుగా పంచుతారు, 6 భాగాలవి ఉన్నాయి, 18వి ఉన్నాయి, 33వి కూడా ఉన్నాయి. నడుము దగ్గర లైటు వెలిగితే గార్డు నడుము దగ్గరే చేతి డిటెక్టర్ పెట్టి, "మొలతాడా తాతా" అని నవ్వి పంపిస్తాడు. కొత్త మిషన్ ఎక్కువ లోహం పట్టిందని కాదు, మనిషి శ్రమ తగ్గించింది. విసుగు తగ్గితే చూపు నిలుస్తది.

ఇప్పుడు పైపులైను అన్నకు జవాబు. అన్నా, నీది ఇనుప పైపే అయితే పాత మిషన్ చాలు. రూపాయి బిళ్ళంత వస్తువైతే జానెడు లోతుకే కష్టం కానీ, పొడవాటి ఇనుప పైపు ఇంకా లోతున ఉన్నా చప్పుడు చేస్తుంది. కొన్నేళ్ళ కింద మధ్యలో పీవీసీ వేసి ఉంటే మాత్రం అది జర్మనోళ్ళ చెక్కపెట్టె లాంటిది, అక్కడ కొత్తది కూడా మూగే. ఇకమీదట పీవీసీ పాతేవాళ్ళు పైపు వెంబడి ఒక ఇనుప తీగ కూడా పాతండి, మన మనుమలు దొరకబట్టుకుంటారు.

నేల సంగతి కూడా చూడాలి. ఎర్ర చెలకల్లో ఇనుము పాలు ఎక్కువ. కొన్ని పాత మిషన్లు మట్టినే చూసి మోగుతాయి. కొత్తవాటిలో నేల చప్పుడును పక్కనబెట్టే ఏర్పాటు ఉంటుంది, చెలక భూములోళ్ళు అదనంగా డబ్బు పెట్టేది ఉంటే దీనికే పెట్టాలి. గొడ్డు కడుపులో మేకు, తీగ ఉందేమో చూద్దామని కొందరు అంటున్నారు. మోగుతుంది నిజమే, కానీ ఆ మేకు గుచ్చుకుందా, ఊరికే పడి ఉందా అన్నది చెప్పదు. పశువుల డాక్టర్‌నే పిలవండి.

మిషన్ చేతిలోకి రాగానే గుప్తనిధుల మాట ఎత్తేవాళ్ళు రెండో రోజుకే ఇంటి ముందుంటారు. 1878 నాటి నిధుల చట్టం ఇంకా ఉంది. భూమిలో పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. ఆ మాటతోనే వాళ్ళను సాగనంపండి.

కొనేటప్పుడు షాపు బల్ల మీద తాళంచెవి పెట్టి మోగించి చూపిస్తారు, దానికి పడిపోకండి. మిషన్‌ను ఒక పూట ఇవ్వమని అడగండి. మీ చెలకలోనే మూరెడు లోతున ఒక పైపు ముక్క పాతి, వాన పడ్డాక ఒకసారి, ఎండినాక ఒకసారి తిప్పి చూడండి. పాతిన చోటు మాత్రం మిషన్ తిప్పేవాడికి చెప్పొద్దు.