పాఠశాలలో చేతిపని



బడి సంగతి మాటకు వచ్చినప్పుడు గ్రామములలోని పెద్దలు సాధారణముగా అడుగు ప్రశ్న యొకటి కలదు: పిల్లవానికి చదువు వచ్చుచున్నదా అని. పిల్లవానికి పని వచ్చుచున్నదా అని అడుగువారు అరుదు. పని యనునది ఇంటనో పొలముననో అబ్బును గదా, దానికి బడి యేల యని వారి తలంపు. ఈ రెండవ ప్రశ్నకును కొంత చరిత్ర కలదు. దానిని ఈ పూట మీకు మనవి చేయుదును.

నేను 1960 ప్రాంతమున ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో చదువుకొంటిని. మాకు వారమునకు రెండుమారులు చేతిపని గంట యుండెడిది. ప్రతి పిల్లవానికిని ఒక తకిలీ, కొన్ని ఏకులు ఇచ్చెడివారు. గంట కొట్టువరకు వడికి, వచ్చిన నూలును ఉపాధ్యాయులకు ఒప్పగింపవలెను. వారు దానిని తూచి, పుస్తకములో వ్రాసికొని, పెట్టెలో వేసెడివారు. ఆ నూలు పిదప ఏమయ్యెనో మేమెరుగము. నూలు ఏల తెగుచున్నదో, తకిలీ అడుగున బిళ్ల ఏల యున్నదో మమ్మెవ్వరును అడుగలేదు, మేమును అడుగలేదు.

ఒకనాడు నా ప్రక్కన కూర్చుండిన వడ్రంగుల పిల్లవాడు తన తకిలీ వణకుచు తిరుగుటను గమనించెను. బిళ్ల యొకవైపు బరువుగా నున్నదని గ్రహించి, దానిని రాతిపై అరగదీసి సరిచేసెను. పిమ్మట అది బొంగరమువలె నిలుకడగా తిరిగెను. బడి వస్తువును పాడుచేసితివని ఉపాధ్యాయులు కోపించి, వానిని ఆ గంట యంతయు బల్లపై నిలువబెట్టిరి. ఆ దినమున మా తరగతిలో చేతితోబాటు బుద్ధిని వాడినవాడు వాడొక్కడే. ఆ సంగతి నాకు అప్పుడు తెలియలేదు. నేను ఉపాధ్యాయుడనై, పాఠశాలలలోనికి చేతిపని ఎట్లు వచ్చెనో చదివిన తరువాత తెలిసెను.

ఐరోపాఖండపు ఉత్తరభాగమున ఫిన్లండు అను చలిదేశము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అది రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచట ఊనో సిగ్నేయుస్ అను క్రైస్తవ మతాచార్యుడు (1810–1888) ఉండెను. ఆయన పెస్టలోజీ, ఫ్రోబెల్ అను విద్యావేత్తల సిద్ధాంతములను చదివి, 1858, 1859 సంవత్సరములలో పెక్కు దేశముల పాఠశాలలను స్వయముగా చూచి వచ్చెను. చేయి కదలనిదే పిల్లవాని బుద్ధి పూర్తిగా వికసింపదని ఆయన నిశ్చయము. ఆయన కృషి ఫలముగా 1866లో వెలువడిన ప్రజాపాఠశాలల శాసనము, గ్రామపాఠశాలల బాలురకు చేతిపనిని తప్పనిసరి పాఠముగా చేసెను.

ఫిన్లండునకు పొరుగున స్వీడను దేశము కలదు. అచటి రైతులు శీతకాలపు దీర్ఘరాత్రులలో తమకు వలయు కొయ్యసామానును తామే చెక్కుకొనెడివారు. యంత్రశాలల సరుకు వచ్చినకొలదిని ఆ వాడుక సన్నగిల్లెను. గోటెన్‌బర్గు నగరమునకు సమీపమున నేస్ అనుచోట అబ్రహామ్‌సన్ అను వర్తకునకు భూవసతి కలదు. ఆయన ధనసహాయముతో ఆయన మేనల్లుడు ఆటో సాలొమన్ అచట చేతిపని పాఠశాలను నడపెను. 1872లో బాలుర పాఠశాలయు, అనతికాలములోనే ఉపాధ్యాయుల శిక్షణాలయమును ఏర్పడెను. పిల్లలకు ఒక వృత్తి నేర్పి జీవనోపాధి చూపుటయే మొదటి యుద్దేశము. 1877లో సాలొమన్ సిగ్నేయుసును దర్శించెను. నాటినుండి ఆయన దృష్టి వృత్తినుండి పిల్లవానిపైకి మరలెను. పిల్లవాడు వడ్రంగి యైనను కాకున్నను, కొయ్యపని వలన వాని చూపు, ఓర్పు, నిజాయితీ పెరుగవలెనని ఆయన కోరెను.

ఈ విద్యకు స్లోయిడ్ అని పేరు. దీని తరగతి యెట్లుండెనో వినుడు. మొదటి పనిముట్టు ప్రతి రైతు ఇంటనుండు చిన్న కత్తియే. దానితో పూలమొక్కకు ఆసరాపుల్ల వంటి చిన్న వస్తువులను చెక్కుటతో పని ఆరంభమగును. పిదప గరిటె, గొడ్డలిపిడి, చివరకు పెట్టె, బల్ల. ఒక్కొక్క వస్తువు దాని ముందటి దానికంటె కొంచెము కష్టమైనది. ప్రతి వస్తువును ఇంటికి పనికిరావలెను. అన్నిటికంటె గట్టి నియమము మరియొకటి కలదు: ఉపాధ్యాయుడు పిల్లవాని పనిపై చేయి వేయరాదు. చెప్పవచ్చును, వేరొక కొయ్యపై చూపవచ్చును. కాని గరిటె వంకరపోయినయెడల దానిని సరిచేయువాడు పిల్లవాడే. నానాదేశములనుండి ఉపాధ్యాయులు, స్త్రీలును పురుషులును, నేస్‌నకు పోయి ఈ పద్ధతిని నేర్చికొనిరి.

ఇంచుమించు ఆ కాలముననే మాస్కో నగరములో వేరొక పద్ధతి పుట్టెను. అచటి రాజకీయ సాంకేతిక విద్యాలయాధిపతి విక్టర్ డెల్లావోస్ 1868లో వృత్తులను అక్షరములవలె విడదీసెను. వడ్రంగములో ఎన్ని అతుకులు కలవు, కమ్మరములో ఎన్ని దెబ్బలు కలవు అని లెక్కించి, సులభమైనవి ముందు, కష్టమైనవి వెనుక వరుసపెట్టి, తరగతినంతను ఒకేసారి కూర్చుండబెట్టి నేర్పెను. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా ప్రదర్శనములో ఆ అతుకుల వరుసలను చూచినవారు ఆశ్చర్యపడిరి. 1880లో సెయింట్‌లూయిస్ నగరమున కాల్విన్ వుడ్‌వర్డ్ తెరచిన హస్తశిక్షణ పాఠశాల ఈ మార్గమునే అనుసరించెను.

ఈ రెండు పద్ధతులకు గల భేదమును పెద్దలు సులభముగా గ్రహింపగలరు. మాస్కో పద్ధతిలో పిల్లవాడు చేసిన అతుకు చక్కనిదే. కాని అది దేనికి అతుకు? పెట్టెకు కాదు, తలుపునకు కాదు. పరీక్ష యైనపిమ్మట దానితో పనిలేదు. నేస్‌లో చేసిన గరిటె తల్లి చేతికి చేరును. అయినను నేస్‌లోను ఒక కొరత యుండెను. ఏ వస్తువు చేయవలెనో, దాని రూపమెట్లుండవలెనో ముందే నిర్ణయమై యుండెను. చేయి పిల్లవానిది, ఆలోచన సాలొమన్‌ది.

ఇక మన దేశమునకు వత్తము. వందేమాతరోద్యమపు ఉత్సాహములోనుండి 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు దానికి మూలపురుషులు. గుమాస్తాలను తయారుచేయు చదువు చాలదనియు, శాస్త్రముతోబాటు పరిశ్రమలను, కళలను నేర్పవలెననియు వారి సంకల్పము.

1937 అక్టోబరులో గాంధిమహాత్ముడు వార్ధాలో విద్యావేత్తలను సమావేశపరచెను. జాకీర్ హుస్సేన్‌గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము ఆ డిసెంబరులోనే తన నివేదికను సమర్పించెను. ఏడవయేటినుండి పదునాలుగవయేటివరకు మాతృభాషలో ఉచితవిద్య. దినమునకు 3 గంటల 20 నిమిషములు ఒక వృత్తి. తక్కిన పాఠములన్నియు సాధ్యమైనంతవరకు ఆ వృత్తిని ఆశ్రయించియే సాగవలెను. నూలు పొడవును కొలుచుటలో గణితము, ప్రత్తి పండు నేలలను గుర్తించుటలో భూగోళము, మన సాలెవారి మగ్గములు పడిపోయిన కథలో చరిత్ర. ఎంతటి గొప్ప యూహ! కాని పిల్లల పనివలన వచ్చు సొమ్ముతో బడి ఖర్చు జరుగవలెనను ఆశయు దానితో ముడిపడియుండెను. సొమ్ముపై దృష్టి నిలిచి విద్య వెనుకబడు ప్రమాదము కలదని ఆ సంఘమువారే హెచ్చరించిరి. ఆ హెచ్చరికను పెక్కు పాఠశాలలు మరచెను. నా చిన్నతనపు త్రాసును, పుస్తకమును తలంచుకొనుడు: అచట తూచినది నూలును గాని పిల్లవాని తెలివిని గాదు.

మరియొక పొరపాటు ఇంతకంటె పెద్దది. 1953లో చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామములలో ప్రాథమిక పాఠశాలల వేళను సగమునకు తగ్గించి, మిగిలిన సగము పిల్లలు తలిదండ్రుల వృత్తిని నేర్చికొనవలెనను పథకమును తెచ్చిరి. చాకలి కొడుకు చాకలిగనే, కుమ్మరి కొడుకు కుమ్మరిగనే ఉండవలెనా యని ప్రజలు మండిపడిరి. మరుసటి సంవత్సరము వారు పదవిని వీడిరి. తరువాత వచ్చిన కామరాజ్‌గారు ఆ పథకమును ఎత్తివేసిరి. ప్రజల కోపము న్యాయమైనదే యని నా యభిప్రాయము. పుట్టుకనుబట్టి పిల్లవానికి అంటగట్టిన పని విద్య కానేరదు. బ్రాహ్మణుల పిల్లవాడు రంపము పట్టి, వడ్రంగుల పిల్లవాడు గ్రంథము పట్టి, ఇద్దరును ఒకే బల్లయొద్ద నిలిచినప్పుడే బడిలోని చేతిపనికి గౌరవము కలుగును.

ఇంగ్లండులో ఈ భేదము ఆడపిల్లలకు, మగపిల్లలకు మధ్య నుండెను. అచట చాలకాలము బాలురకు కొయ్యపని, లోహపు పని. బాలికలకు వంట, కుట్టుపని. 1990లో జాతీయ పాఠ్యప్రణాళికను అనుసరించి, రూపకల్పన–సాంకేతికము అను పాఠము ఐదవయేటినుండి పదునారవయేటివరకు పిల్లలందరికిని నిర్బంధమయ్యెను. దానిలో నాలుగు మెట్లు కలవు. ఎవరికి ఏ అవసరము కలదో కనుగొనుట. దానికి తగిన రూపమును ఆలోచించుట. ప్రణాళిక వేసికొని చేయుట. చేసినది పనికివచ్చుచున్నదా లేదా యని పరీక్షించుట. నేస్‌లో గురువు చేసిన ఆలోచనను ఇచట పిల్లవానికే వదలిరి. ఇదియు లోపములేనిది కాదు. ఆలోచనలు కాగితముపై ఎక్కువై చేతినేర్పు తగ్గినదని కొన్నియేండ్లలోనే విమర్శలు బయలుదేరెను. 2004 నుండి పదునాలుగేండ్లు దాటిన పిల్లలకు నిర్బంధమును తొలగించిరి.

ఈ చరిత్రను చదివిన పిదప, 1996 ప్రాంతమున నేను ఎనిమిదవ తరగతిలో ఒక ప్రయత్నము చేసితిని. మా వసారాలోని మంచినీళ్ల కుండ ఎత్తుపల్లముల నేలపై నిలువక మాటిమాటికి ఒరిగెడిది. దీనికొక ఉపాయము చేయుడని పిల్లలతో చెప్పితిని. కొందరు గడ్డితో కుదురు చుట్టిరి. అది తడిసి నాలుగు దినములలో క్రుళ్లెను. కొందరు నాలుగుకాళ్ల పీట చేసిరి. కాళ్లు సమముగ కోసినను అది ఊగెను. అప్పుడొక బాలిక, మా యింటి ముక్కాలిపీట ఎప్పుడును ఊగదు, ఇదేల ఊగుచున్నదని అడిగెను. నేను జవాబు చెప్పక ఊరి వడ్రంగిని పిలిపించితిని. ఆయన నవ్వి, “మూడు కాళ్లయితే నేల ఎట్లావున్నా కుదురుతుందండి. తగవంతా నాలుగో కాలితోనే” అనెను. ఏ మూడు బిందువులకైనను ఒక తలము దొరకును, నాలుగింటికి దొరకునని నమ్మకము లేదని నేను నల్లబల్లపై గీసి చూపితిని. మూడుకాళ్లది అంచును నొక్కిన పడిపోవునుగదా యని ఇంకొకడు అడ్డుచెప్పెను. కాళ్లను వెలుపలికి చాచిరి. ఆ ముక్కాలిపై కుండ నిలిచెను. ఆ వడ్రంగి ఆ దినమున ఉపాధ్యాయుల గదిలో మా సరసన కుర్చీలో కూర్చుండెను. తన జన్మలో బడిలో కూర్చుండుట అదే మొదలని ఆయన చెప్పగా నా మనస్సు చివుక్కుమనెను. బల్లపై నిలుచున్న నా చిన్ననాటి స్నేహితుడు జ్ఞప్తికి వచ్చెను.

పెద్దలారా, 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు పిల్లలు పది దినములు పుస్తకముల సంచి లేకుండ, వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగు స్థానిక పనివారియొద్ద నేర్చికొనవలెనని చెప్పుచున్నది. ఆ పది దినములు వినోదయాత్రగా ముగియునో, విద్యగా నిలుచునో చాలవరకు మీ చేతులలో నున్నది. మీ ఊరి బడికి పోయి మూడు సంగతులు కనుగొనుడు. ఈ పని ఆడపిల్లలు, మగపిల్లలు, అన్ని కులములవారు కలిసి చేయుచున్నారా? చేసిన వస్తువు ఎవరికైనను అక్కరకు వచ్చుచున్నదా? తకిలీ బిళ్లను అరగదీసిన పిల్లవానిని శిక్షించుచున్నారా, మెచ్చుకొనుచున్నారా?

ఈ మూడింటిని అడుగు పెద్దలున్న ఊరిలో బడికి చేతులు వచ్చును. సెలవు.