రెండు ట్రాకుల్లో నాలుగు చానెళ్లు: సరౌండ్ మోడ్‌ల కథ

హోమ్ థియేటర్ రిసీవర్ రిమోట్‌లో సరౌండ్ బటన్ నొక్కితే స్టీరియో, ప్రో లాజిక్, డాల్బీ డిజిటల్, డీటీఎస్ అని వరసగా పేర్లు వస్తాయి కదా. ఒక్కో పేరు వెనక ఒక్కో కాలం ఉంది.

1940లో డిస్నీ 'ఫాంటేసియా'కి ఫాంటాసౌండ్ అనే పద్ధతి వాడింది. ప్రేక్షకుల చుట్టూ శబ్దం తిరిగింది గానీ, పరికరాల ఖర్చు భరించలేక కొన్ని థియేటర్లతోనే ఆగిపోయింది.

1970ల్లో డాల్బీ వాళ్లు చవకైన దారి పట్టారు. ఫిల్మ్ మీద రెండు ట్రాకులకే చోటు. అందులోనే నాలుగు చానెళ్లు ఇమిడ్చారు. ఎలాగంటారా? మాటలు రెండు ట్రాకుల్లోనూ ఒకేలా ఉంటాయి. వెనక స్పీకర్ల శబ్దం మాత్రం ఒకదాంట్లో ఉన్నదానికి ఇంకోదాంట్లో తలకిందులుగా ఉంటుంది. డీకోడర్ రెండింటినీ కలిపితే మధ్య చానెల్, ఒకదాన్లోంచి ఇంకోటి తీసేస్తే వెనక చానెల్! 1977లో 'స్టార్ వార్స్' 35 ఎం.ఎం. ప్రింట్లు ఇలాగే మోగాయి.

అలాంటి సినిమాలు స్టీరియో క్యాసెట్ల మీదకొచ్చినప్పుడు, దాచిన ఆ శబ్దం కూడా ఇంటికొచ్చేసింది. దాన్ని బయటికి తీయడానికే 1982లో డాల్బీ సరౌండ్, 1987లో మధ్య స్పీకర్‌తో ప్రో లాజిక్ వచ్చాయి.

1992లో 'బ్యాట్‌మాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్, 1993లో 'జురాసిక్ పార్క్'తో డీటీఎస్. వీటిలో చానెళ్లన్నీ విడివిడిగానే ఉంటాయి, కూడికలు తీసివేతలు అక్కర్లేదు.

అందుకే 5.1 సినిమాకి దాని సొంత మోడ్, పాత స్టీరియో సినిమాకి ప్రో లాజిక్, పాటలకి స్టీరియో పెట్టండి. హాల్, స్టేడియం లాంటివి రిసీవర్ తనంతట తాను కలిపే ప్రతిధ్వని. డైలాగ్ అర్థం కాకపోతే ముందు అవి ఆపి చూడండి.