నిర్జనమైన నడవలు

మన పాత ఇండ్లలో వీధివాకిలి దాటి లోనికి పోవు త్రోవను నడవ యందురు. ఆ మాట వినగానే నడక స్ఫురించును. పెండ్లినాడు చుట్టములు వచ్చు త్రోవ అదియే; పిల్లలు పరుగులు తీయు చోటు అదియే. దేవాలయములో అది స్తంభముల బారుల నడుమ సాగు మండపము. కచేరీలో పొడవాటి వరండా. ఎచ్చటనైనను నడవ నడచుటకు కట్టినది. కాని పాతకాలపు ఛాయాచిత్రములను చూడుడు. స్తంభములు బారులు తీరియుండును, వెలుగునీడలు నేలపై పరచుకొని యుండును. మనిషి మాత్రము సాధారణముగ కానరాడు. నడచినవారందరు ఏమైనట్లు?

దీనికి సమాధానము పారిస్ నగరపు ఒక వీధి చిత్రములో దొరకును. 1838లో డగేర్ అను ఫ్రెంచి చిత్రకారుడు తన కిటికీ నుండి క్రింది రాజవీధిని చిత్రించెను. అది బండ్లతో, జనముతో సందడిగ నుండెడి వీధి. చిత్రములో మాత్రము జోళ్లకు మెరుగు పెట్టించుకొనుచు ఒకచోట నిలిచిన మనిషియు, మెరుగు పెట్టువాడును తప్ప జనసమ్మర్దమే లేదు. నాటి వెండిరేకు కాంతిని గ్రహించుటకు నిమిషముల కాలము పట్టెడిది. అంతసేపు కదలక యున్నది రేకుపై నిలిచెను. కదలినది ఆనవాలు లేక పోయెను. ఎండ కాయు వీధికే ఇట్లయినప్పుడు, నీడలోని నడవ సంగతి చెప్పనేల?

ఇట్టి నీడలోనికి మన దక్షిణదేశమున కెమెరాను గొనిపోయిన వారిలో లిన్నేయస్ ట్రైప్ ముఖ్యుడు. ఆయన మద్రాసు సైన్యములో కెప్టెను. 1856లో మద్రాసు ప్రభుత్వము ఆయనను తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. 1857 డిసెంబరులో ఆయన బెంగుళూరు నుండి పరికరములతో బయలుదేరి, శ్రీరంగము, తిరుచిరాపల్లి, మధుర, తంజావూరు మున్నగు చోట్ల చిత్రములు తీసెను. వాడినది మైనము పట్టించిన కాగితము. ఆనాటి గాజుపలకను తడి ఆరకముందే వాడవలెను. మన ఎండలలో అది కష్టము. మైనపు కాగితమును ముందుగ సిద్ధపరచి వెంట తీసికొని పోవచ్చును. కాని అది మిక్కిలి మందకొడి. చాలసేపు కాంతి సోకినగాని దానిపై రూపము పట్టదు.

మధురలో ఆయన తీసిన చిత్రములలో పుదుమండపపు దక్షిణపు నడవ ఒకటి. 1623 మొదలు 1659 వరకు ఏలిన తిరుమల నాయకుడు వసంతోత్సవమునకై కట్టించిన మండపమది. తెలుగు మూలము గల ఆ నాయకరాజుల విగ్రహములు నేటికిని అచ్చటి స్తంభములపై నిలిచియున్నవి. ట్రైప్ చిత్రములో శిల్పముల బారు చివరి వెలుగు దాక సాగిపోవును. ఉత్సవము లేదు, యాత్రికులు లేరు. దానిని మాత్రమే చూచిన దూరదేశపు పాఠకుడు, జనము విడిచిపోయిన శిథిలమని భ్రమపడవచ్చును. కాని అది నిండు నగరమున, మీనాక్షి ఆలయమునకు ఎదురుగ నున్న చోటు. తరువాతి కాలమున దర్జీలు, పాత్రలమ్మువారు చాల ఏండ్లు దుకాణములు పెట్టుకొని బ్రతికిన చోటు. 1859లో మద్రాసు గవర్నరుగ వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఈ ఛాయాచిత్రణము ఆడంబరపు ఖర్చని తలచి దానికి స్వస్తి చెప్పించెను. ట్రైప్ పని అంతటితో ఆగెను.

అదే కాలమున పారిస్‌లో నాదార్ అను ఛాయాగ్రాహకుడు సూర్యకాంతి బొత్తిగ చేరని నడవలలోనికి దిగెను. నగరపు శ్మశానములలోని ఎముకలను 1786 మొదలు తరలించి పేర్చిన భూగర్భ సొరంగములవి. ఆయన బ్యాటరీల సాయమున విద్యుద్దీపములు వెలిగించెను. ఒక్కొక్క చిత్రమునకు ఒక్కొక్కప్పుడు 18 నిమిషములు పట్టెడిది. ఎముకలు తోలు కూలివానిని చూపవలెనన్న, బ్రతికియున్న మనిషి అంతసేపు కదలక నిలువగలడా? అందుచేత కూలివాని బట్టలు తొడిగిన బొమ్మను నిలిపెను. ట్రైప్ నడవలో మనుష్యులు కానరారు. నాదార్ నడవలో మనిషి బదులు బొమ్మ కానవచ్చును.

1903 నాటికి ఫలకములు వేగవంతమైనవి. అయినను ఇంగ్లండులో ఫ్రెడరిక్ ఎవాన్స్ తన చర్చి చిత్రములలో శూన్యమునే కోరెను. 1898లో పుస్తక వ్యాపారము విడిచిన ఆయన, కుర్చీలను తీయించియైనను రాతికట్టడపు అసలు రూపము చూపవలెనని పట్టుపట్టెడివాడు. వెల్స్ పట్టణపు పెద్ద చర్చిలో సభామందిరమునకు పోవు మెట్లదారిని తీసి, దానికి మెట్ల సముద్రమని అర్థము వచ్చు పేరు పెట్టెను. ఆ చిత్రములోను మనిషి లేడు. కాని మెట్లు చూడుడు: శతాబ్దముల తరబడి పాదములు తాకి, ప్రతి మెట్టును నడుమ అరిగి అలవలె వంగియున్నది. ఎక్కినవారు లేరు, వారి నడక మాత్రము రాతిలో నిలిచియున్నది.

నేడు చేతి ఫోనులోని కెమెరా మసక వెలుతురులోను నడచువానిని పట్టగలదు. అందుచేతనే పాత చిత్రములను చూచునపుడు మనకు మెలకువ అవసరము. చిత్రములో లేనిదెల్ల చరిత్రలో లేనిది కాదు. కెమెరా కన్ను ఎంతసేపు తెరచియుండెనో, ఏ వేళ తీసిరో, జనమును తొలగించిరో లేదో విచారింపవలెను. ఆపైన స్తంభముల మొదట నున్న నునుపును, గడపల అరుగుదలను వెదుకవలెను. మీ ఇంట తాతలనాటి చిత్రమేదైన నున్నచో నేటి సాయంకాలము దానిని తీసి, అందులోని గడపను ఒకమారు పరికించి చూడుడు. ఎవరును లేరని తోచు ఆ నడవలో, మీవారు దాటి దాటి అరిగిన జాడ కానవచ్చునేమో.