గడ్డకట్టని ఊళ్ళో యాంటీఫ్రీజ్

లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగితే మనకది పత్రికల్లో వార్త. మిగతా తెలుగు నేల మీద నీళ్ళు గడ్డకట్టాలంటే ఫ్రిజ్జులో పెట్టాల్సిందే. మరి మే నెలలో రామగుండం ఎండకు మాడే కారులో కూడా, చలిదేశాల అవసరం కోసం సీసాకెక్కిన ఇథిలీన్ గ్లైకాల్ ఎందుకుంటోంది? కొన్నేళ్ళకోసారి దాన్ని వంపేసి కొత్తది పోయమని కారుతో వచ్చే పుస్తకం ఎందుకు చెబుతోంది? "వట్టి నీళ్ళు పోస్తే సరిపోదూ?" అనే పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఇంకా ఉన్నారు. ఆ మాట వాళ్ళు నడిపిన బండి నేర్పిన మాట. ఇప్పటి బండి వేరు, దాని ఇంజిన్‌లో తిరిగే ద్రవం (కూలెంట్) చేసే పనీ వేరు. ఈ నూట నలభై ఏళ్ళలో ఆ పని మూడు దశలు దాటింది. మొదట వేడిని మోసుకుపోవాలి, తర్వాత గడ్డకట్టకుండా ఉండాలి, చివరికి లోహాన్ని కాపాడాలి. మన ఊళ్ళకు పనికొచ్చేది ముఖ్యంగా ఈ మూడోదే.

మరిగే నీళ్ళ కాలం

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో బండిని నడిపేది ఇంచుమించు మూడో వంతే. ఇంకో మూడో వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం సిలిండరు గోడలకెక్కుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు లాగేయకపోతే ఆయిలు మాడుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. మెకానిక్కులు "ఇంజిన్ సీజైంది" అనేది అప్పుడే.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో ఈ పనికి నీళ్ళే ఉండేవి. అవి సిలిండరు చుట్టూ మరిగి ఆవిరైపోతూ వేడిని వెంట తీసుకుపోయేవి. తగ్గిన కొద్దీ మళ్ళీ పోయాలి. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. ఇంధనం వీస్లోఖ్‌లోని మందుల దుకాణంలో దొరికింది. నీళ్ళ కోసం మాత్రం దారి పొడవునా ఆగాల్సి వచ్చింది.

ఆవిరిగా పోనివ్వకుండా అవే నీళ్ళను చల్లార్చి మళ్ళీ వాడుకోవడం అసలైన మలుపు. విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించిన 1901 నాటి మెర్సిడెస్ 35 హార్స్‌పవర్ కారు ముందుభాగంలో తేనెపట్టు రేడియేటర్ వచ్చింది. ఆరేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 కలిపి అతికిన పలక అది. గొట్టాల గుండా గాలి, వాటి సందుల్లో నీళ్ళు. అంతకు ముందు 18 లీటర్లు మోయాల్సిన చోట 9 లీటర్లు చాలాయి. ఈనాటి కారు ముందు జాలీ వెనక కనిపించేది దాని వారసుడే.

ఫోర్డ్ మోడల్ టీ ఇంకో దారి పట్టింది. తొలి రెండున్నర వేల కార్ల తర్వాత నీళ్ళ పంపునే తీసేశారు. వేడెక్కిన నీళ్ళు తేలికై పైకెక్కి రేడియేటర్‌లోకి చేరతాయి, చల్లారి బరువై కిందికి దిగి మళ్ళీ ఇంజిన్‌లోకి వస్తాయి. చెడిపోయే భాగం లేదు గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఈ సహజ ప్రవాహం చాలక రేడియేటర్ ఆవిరి కక్కేది. అప్పటి యజమానికి కూలెంట్ మార్చడమంటే అడుగున ఉన్న కుళాయి తిప్పి వదిలేయడం, పైనుంచి బకెట్‌తో పోయడం. అందులో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

చలికాలపు కొనుగోలు

నీళ్ళు గడ్డకడితే ఘనపరిమాణం తొమ్మిది శాతం దాకా పెరుగుతుంది. పోత ఇనుప ఇంజిన్ బ్లాకును చీల్చడానికి అది చాలు. అందుకే అమెరికా, ఐరోపా చలిప్రాంతాల్లో రాత్రికి రేడియేటర్ ఖాళీ చేసి, పొద్దున వేడినీళ్ళు పోసి బండి తీసేవారు. ఈ బెడద తప్పించుకోవడానికి చేతికందినవన్నీ కలిపి చూశారు. కాల్షియం క్లోరైడ్ ఉప్పు గడ్డకట్టనివ్వలేదు గానీ లోహాన్ని తినేసింది. తేనె, గ్లిజరిన్ చిక్కబడి పారేవి కావు. చవగ్గా దొరికినవి ఆల్కహాళ్ళు. కానీ మిథనాల్ 65 డిగ్రీలకే, ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. ఎండ కాస్త కాసినా, ఇంజిన్ కాస్త శ్రమపడినా పోసిన డబ్బు ఆవిరైపోయేది. పైగా అంటుకునే గుణం.

జవాబు అప్పటికే ప్రయోగశాలలో ఉంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడోల్ఫ్ వుర్ట్స్ 1850ల్లోనే ఇథిలీన్ గ్లైకాల్ తయారుచేశాడు. దాదాపు డెబ్బై ఏళ్ళు దానికి పెద్ద గిరాకీ లేదు. 1920ల్లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో యూనియన్ కార్బైడ్ సంస్థ దాన్ని భారీగా తయారుచేయడం మొదలెట్టి, 1927లో 'ప్రెస్టోన్' పేరుతో యాంటీఫ్రీజ్‌గా అమ్మింది. 197 డిగ్రీల దాకా మరగని ద్రవం కాబట్టి ఆవిరై పోదు. ఒకసారి పోస్తే చలికాలమంతా నిలుస్తుంది. అందుకే 'పర్మనెంట్' అన్న మాట సీసాల మీదికెక్కింది. శరదృతువులో పోయడం, వసంతంలో వంపేసి గొట్టంతో కడగడం మగవాళ్ళ ఇంటిపనుల్లో ఒకటైంది.

గ్లైకాల్‌లో ఒక వింత ఉంది. స్వచ్ఛమైన గ్లైకాల్ సుమారు మైనస్ 13 డిగ్రీలకే గడ్డకడుతుంది. సగం నీళ్ళు కలిపితే మాత్రం మైనస్ 37 దాకా కట్టదు. వేడిని మోయడంలో నీళ్ళను మించింది లేదు కాబట్టి చిక్కగా ఉంటే మేలన్న నమ్మకం ఇక్కడ చెల్లదు. ఈ పాఠం విమానాలు కూడా నేర్చుకున్నాయి. తొలినాటి రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్లు పూర్తి గ్లైకాల్‌తో నడిచాయి. తర్వాతివాటిలో 30 పాళ్ళ గ్లైకాల్, 70 పాళ్ళ నీళ్ళు ఒత్తిడితో నింపారు. ఇంజిన్ ఇంకా చల్లగా నడిచింది, మంటల భయమూ తగ్గింది.

ఒత్తిడి సూత్రం కార్లకూ వచ్చింది. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. లోపల అదనంగా ఒక వాతావరణ పీడనం నిలబడితే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. లాభంతో పాటు ప్రమాదమూ వచ్చింది. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడి పోతుంది, లోపలి ద్రవంలో కొంత ఒక్క క్షణంలో ఆవిరై, మిగతాదాన్ని ముఖానికి కొడుతుంది. 1961లో రెనో 4 కారు మూసివేసిన కూలింగ్ వ్యవస్థతో వచ్చింది. ఉబ్బిన ద్రవం పక్కనున్న సీసాలోకి వెళ్ళి, చల్లారాక తిరిగి వచ్చే ఏర్పాటు క్రమంగా అందరిదీ అయింది. రోజూ మూత తీసి చూసే అవసరం తీరింది.

ఘాట్ రోడ్డు మీద

మన దగ్గర కథ ఆలస్యంగా, వేరేగా నడిచింది. 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌లో ఏళ్ళ తరబడి ఉన్నది బ్రిటిష్ బి-సిరీస్ ఇంజిన్. బ్లాకూ పోత ఇనుమే, దాని మీద బిగించే హెడ్డూ పోత ఇనుమే. గోడలు దళసరి. తుప్పు పట్టినా తినడానికి బోలెడు లోహం. గడ్డకట్టే చలి లేదు కాబట్టి యాంటీఫ్రీజ్ కొనాలన్న ఆలోచనే రాలేదు. నీళ్ళు ఊరికే దొరికేవి.

తిరుమల ఘాట్ ఎక్కిన పాతకాలపు టాక్సీ డ్రైవర్ల చేతి నేర్పు చూడాల్సిందే. వేడి చూపే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోగానే మలుపులో వారగా ఆపి బానెట్ ఎత్తేవాళ్ళు. కాసేపు ఆగి, తడిపిన గుడ్డ మూత మీద వేసి, మొహం పక్కకు తిప్పుకుని సగం తిప్పేవాళ్ళు. బుస్సుమన్న ఆవిరి అంతా పోయాక మిగతా సగం. తర్వాత ఇంజిన్ ఆడుతుండగానే డబ్బాతో కొద్దికొద్దిగా నీళ్ళు. ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు ఒక్కసారి పడితే చిట్లుతుందని వాళ్ళకు ఎవరూ చదివి చెప్పలేదు, అయినా తెలుసు.

ఈ పద్ధతికి పరోక్షంగా ఒక ఖర్చుండేది. బోరు నీళ్ళలోని సున్నపు లవణాలు వేడికి విడిపోయి రేడియేటర్ సన్నగొట్టాల్లో తెల్లగా పేరుకునేవి. తుప్పు ఎర్రబురదలా అడుక్కి చేరేది. ఏడాది రెండేళ్ళకోసారి రేడియేటర్ విప్పి, పై తొట్టె ఊడదీసి, గొట్టాల్లో కడ్డీలు దూర్చి గీకించడం, మళ్ళీ సీసంతో అతికించడం మామూలే. ప్రతి పట్టణంలో రేడియేటర్ పనివాళ్ళ కొట్టు ఉండేది ఇందుకే.

అల్యూమినియం తెచ్చిన లెక్క

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. పక్కన ప్లాస్టిక్ సీసా, కరెంటుతో తిరిగే ఫ్యాను. ఆ తరం నుంచి ఇంజిన్లు చిన్నవయ్యాయి, గోడలు పలచబడ్డాయి, హెడ్డుకూ తర్వాత రేడియేటర్‌కూ అల్యూమినియం వచ్చింది. ఇనుము, అల్యూమినియం, పంపులోని ఉక్కు, సోల్డరు ఇవన్నీ ఒకే ద్రవంలో మునిగితే అది చిన్న బ్యాటరీగా పనిచేస్తుంది. బలహీనమైన లోహం కరుగుతుంది. ఉప్పు కలిసిన మామూలు నీళ్ళు దీన్ని వేగిరపరుస్తాయి. అల్యూమినియం హెడ్డును తుప్పు తిన్నచోట, హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనుండే గ్యాస్కెట్ కారుతుంది, నీళ్ళు తగ్గుతాయి, వేడి పెరుగుతుంది, హెడ్డు బెండవుతుంది. అంబాసిడర్ ఓర్చుకున్న నిర్లక్ష్యాన్ని ఈ ఇంజిన్లు ఓర్వవు.

ఇక్కడ సీసాలోని గ్లైకాల్ కన్నా దానికి కలిపిన కొద్దిపాటి రసాయనాలదే ముఖ్యపాత్ర. పాత ఆకుపచ్చ కూలెంట్లలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు, బోరేట్లు ఉండేవి. అవి లోహం మీద పలచని పొర కడతాయి. త్వరగా కడతాయి, త్వరగా ఖర్చయిపోతాయి. రెండు మూడేళ్ళ గడువు దానివల్లే. నీళ్ళలో సున్నం ఎక్కువైన ఐరోపా దేశాలు ఫాస్ఫేట్లను దూరం పెట్టాయి. పంపు సీళ్ళు అరుగుతాయని జపాన్ కంపెనీలు సిలికేట్లను వద్దన్నాయి. 1990ల మధ్యలో సేంద్రియ ఆమ్లాల రకం వచ్చింది. జనరల్ మోటార్స్ నారింజరంగు 'డెక్స్-కూల్', ఫోక్స్‌వాగన్ గులాబీరంగు జి-12 ఆ తరానివి. లోహం దెబ్బతినే చోట మాత్రమే పనిచేస్తాయి కాబట్టి నిదానంగా ఖర్చవుతాయి, ఐదేళ్ళు నిలుస్తాయి. డెక్స్-కూల్ వాడిన కొన్ని కార్లలో బురద చేరిందనీ గ్యాస్కెట్లు పోయాయనీ అమెరికాలో గొడవ కోర్టులదాకా వెళ్ళింది. తర్వాత రెండు పద్ధతులనూ కలిపిన మిశ్రమ రకాలు వచ్చాయి.

రంగు మాత్రం నమ్మదగ్గ గుర్తు కాదు. అది కంపెనీ కలిపే అద్దకం, అన్ని దేశాలకూ ఒకే నియమం లేదు. రెండు ఆకుపచ్చలు వేర్వేరు రసాయనాలు కావచ్చు. సరిపడని రకాలు కలిస్తే ఆయుష్షు తగ్గుతుంది, ఒక్కోసారి జిగురులా గడ్డలు కడుతుంది.

ఇప్పుడు ఇంట్లో

ఈ చరిత్రంతా తెలిస్తే ఇంటి ముందు చేసుకునే పనిలో ప్రతి మెట్టుకూ కారణం కనిపిస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలన్నది ఒత్తిడి వ్యవస్థ పెట్టిన షరతు. అడుగు కుళాయి గానీ కింది గొట్టం గానీ వదిలి వెడల్పాటి టబ్బులో పట్టాలి. వచ్చింది రంగు నిలిచి తేటగా ఉంటే లోపల బాగున్నట్టు. టీ డికాక్షన్ రంగులో ఉంటే తుప్పు, పైన నూనె తెట్టు కడితే గ్యాస్కెట్ అనుమానం. అప్పుడు తేట నీళ్ళు వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. కొత్తది కలిపి అమ్మే రకమైతే అలాగే పోయాలి. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో పుస్తకం చెప్పిన పాళ్ళలో, సాధారణంగా సగానికి సగం. మూడో వంతు కన్నా పలచనైతే తుప్పు ఆపే రసాయనాలు చాలవు. మన ఊళ్ళలో చిక్కదనానికి కారణం చలి కాదు, ఇదే.

అసలు మెళకువ గాలి తీయడంలో ఉంది. హీటరు వేడివైపు పెట్టి, మూత లేకుండా ఇంజిన్ ఆడించాలి. ఎనభై నుంచి తొంభై డిగ్రీల మధ్య, రేడియేటర్‌కు దారి ఇచ్చే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకోగానే పై గొట్టం ఒక్కసారిగా వేడెక్కుతుంది, లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పైకొస్తుంది, మట్టం దిగుతుంది. దిగినంత పోసి, ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా చూసి మూత పెట్టాలి. మర్నాడు చల్లటి ఇంజిన్ మీద సీసాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. కొన్ని కొత్త కార్లకు వాక్యూమ్ పరికరంతోనే నింపాలి. అలాంటివి గ్యారేజీకే వదలాలి.

వంపిన పాతది కాలవలో పోయకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ చిన్నపిల్లలూ నాకుతారు. శరీరంలో అది ఆక్సాలిక్ ఆమ్లంగా మారి మూత్రపిండాలను ఆపేస్తుంది. నూరు మిల్లీలీటర్లు పెద్దవాళ్ళ ప్రాణానికే ముప్పు. మూత బిగించిన డబ్బాలో సర్వీస్ సెంటరుకు ఇవ్వడం మేలు.

ఈ సీసా ఇప్పుడు కారుకే పరిమితం కాదు. 2008లో యమహా ఆర్15 వచ్చాక నీళ్ళతో చల్లారే ఇంజిన్ మామూలు కుర్రాళ్ళ బైకు దాకా దిగింది. చాలా కరెంటు కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ గ్లైకాల్ నీళ్ళే. కొన్నిటికి కరెంటు ప్రసారం తక్కువగా ఉండే ప్రత్యేక రకం కావాలి. అక్కడ రకం తప్పితే పోయేది గ్యాస్కెట్ కన్నా ఖరీదైనది.

కాబట్టి పెద్దవాళ్ళ ప్రశ్నకు జవాబు ఇది. చల్లబరిచేది ఇప్పటికీ నీళ్ళే, మిగతా సగానికి పెట్టే డబ్బు లోహానికి కాపలా కోసం. ఆ కాపలాదారు అలిసిపోయిన సంగతి ముల్లు చెప్పదు, ఇంజిన్ వేడెక్కదు, చాలాసార్లు రంగు కూడా మారదు. బానెట్ లోపల ఒక కాగితం మీద రకం పేరు, పోసిన తేదీ, కిలోమీటర్లు రాసి అతికించుకోవడం అందుకే అవసరం. ఒకప్పుడు ఆవిరి చూసి నీళ్ళు పోసేవాళ్ళం, ఇప్పుడు తేదీ చూసి మార్చాలి.